తట్టుడు కట్టె

మూడో వరుస చివరకు వచ్చేసరికి సక్కుబాయి చేతిలోని గరుకు కాగితం అరిగి గుడ్డపేలికలా మెత్తబడింది. దాన్ని మడిచి, అరగని వైపు పైకి తిప్పుకొని, మళ్లీ గోడవారగా రుద్దడం మొదలుపెట్టింది. గది మధ్యంతా యంత్రం తిరుగుతుంది. మూలలకు యంత్రం పోదు. గోడ పక్కన నాలుగు వేళ్ల మేర మిగిలే అంచు, తలుపు చాటు, అలమర కింది సందు, ఇవన్నీ చేత్తోనే నున్నగా చెయ్యాలి. పదకొండేళ్లుగా అవి సక్కుబాయివి. ఎన్ని ఇళ్లలో పనిచేసిందో ఆమెకు గుర్తులేదు కానీ, ఏ ఇంట్లోనూ గది మధ్యలో ఆమె చెయ్యి పడింది లేదు.

ఆమెకు ఎదురుగా, రెండు బారల దూరంలో, కుర్మయ్య మోకాళ్ల మీద ఉన్నాడు. మోకాళ్ల కింద నాలుగు మడతల గోనెసంచి. కుడిచేతిలో మూరెడు కట్టె. ఆ కట్టెతో కింద పరిచిన టేకు చెక్క మీద కొట్టడం, జానెడు జరగడం, మళ్లీ కొట్టడం. టక్. టక్. టక్. కొడుతున్నంతసేపూ ఆయన చూపు చెక్క మీద లేదు. సక్కుబాయి చేతుల మీద ఉంది.

దెబ్బ గట్టిగా పలికితే ఆమె చేతులు రుద్దుతూనే ఉంటాయి. శబ్దం లోపలికి పోయి, ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు వస్తే ఆగుతాయి. ఎక్కువసేపు కాదు, చెయ్యి లాగి ఆగినట్టు, కాగితం సర్దుకున్నట్టు, అంతే. కుర్మయ్య చెవి వెనక పెట్టుకున్న సుద్దముక్క తీసి ఆ చోట సున్నా చుడతాడు. అది డొల్ల. అక్కడ చెక్క కింద జిగురు అంటుకోలేదు. తర్వాత సన్నటి రంధ్రం చేసి, సూదిమందు ఇచ్చినట్టు జిగురు ఎక్కించి, పైన బరువు పెట్టాలి. లేకపోతే వానకాలం తిరిగేసరికి ఆ చెక్క ఉబ్బి, కాలు పడినప్పుడల్లా కిర్రుమంటుంది.

కుర్మయ్యకు చెవులు వినపడక ఏడాదిన్నర అయింది. ఆ సంగతి సక్కుబాయికి తప్ప ఇంకెవరికీ తెలియదు.

కందుకూరు దిక్కున ఉన్న వాళ్ల ఊళ్లో కుర్మయ్య వడ్లపని, అంటే వడ్రంగం, చేసేవాడు. నాగళ్లు, గుంటకలు, బండిచక్రాలు, తలుపులు. ట్రాక్టర్లు వచ్చాక నాగళ్లు అడిగేవాళ్లు లేకపోయారు. ఊరు చుట్టూ ప్లాట్ల రాళ్లు లేచాక పొలాలు అడిగేవాళ్లే మిగిలారు. శంషాబాద్‌లో విమానాశ్రయం కడుతున్నప్పుడు ఇద్దరూ వచ్చి కిరాయి గదిలో దిగారు. విమానాలు ఎగరడం మొదలై పదేళ్లయింది, వాళ్లు మాత్రం ఇంకా ఆ గదిలోనే ఉన్నారు. చెక్క నేలలు వేయించే నరేందర్ దగ్గర కుర్మయ్యకు పని దొరికింది. మొదట్లో ఆ పని ఆయనకు మింగుడు పడలేదు. చెక్క అంటే గడప, నాగలి, దేవుడి పీట. కాలు తగిలితే వంగి కళ్లకద్దుకునే వస్తువు. దాన్ని కాళ్ల కింద పరచడమా? చాలాకాలం, నేల పరచడం పూర్తయిన ప్రతి ఇంట్లో చివరి చెక్కను ఎవరూ చూడకుండా తాకి కళ్లకద్దుకొని బయటికి వచ్చేవాడు. ఇప్పటికీ అలాగే చేస్తాడు.

కట్టెతో తట్టి డొల్ల పట్టడంలో ఆయన్ను మించినవాడు లేడని నరేందర్ అందరికీ చెప్పేవాడు. "మా కుర్మన్న చెవి పెడితె చెక్క కింద చీమ నడిచినా చెప్తడు," అనేవాడు. ఆ కట్టె కుర్మయ్య స్వయంగా చేసుకున్నది. ఊళ్లో తాను చేసిన ఆఖరి నాగలికి పెట్టిన మేడి అది. నాగలి విరిగి మూలన పడితే, చెయ్యి పట్టిన చోటును కోసి తెచ్చుకున్నాడు.

చెక్క కోసే యంత్రం పక్కన ఏళ్ల తరబడి నిలబడిన చెవులవి. ఒకరోజు టీ బండి దగ్గర ఆయన అంగీ జేబులోని ఫోను మోగుతోంది, ఆయన నింపాదిగా టీ తాగుతున్నాడు. ఎవరితోనో మాట్లాడటం ఇష్టంలేక ఊరుకున్నాడనుకుంది సక్కుబాయి. రెండోసారి మోగినప్పుడు ఆయనకు వినపడటం లేదని అర్థమైంది. ఆమె చేతిలోని గ్లాసు చల్లబడిపోయింది. దవాఖానలో చెవికి పెట్టుకునే మిషను ఇచ్చారు. చెవి కోసమే పనికి పిలిపించుకునే మనిషి చెవిలో మిషను పెట్టుకొని పోతే ఎట్లా? అది గదిలో, గోడగూట్లో, పసుపు డబ్బా పక్కన పెట్టెలోనే ఉండిపోయింది.

అప్పటినుంచి ఇద్దరూ ఇలా ఎదురెదురుగా పనిచేస్తున్నారు. ఆయన ముందుకు జరిగితే ఆమె వెనక్కి జరుగుతుంది. పెళ్లయిన ముప్పై ఏళ్లలో ఇంతసేపు ఒకరి ఎదురుగా ఒకరు కూర్చున్నది లేదు.

ఈరోజు గది గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకొని ఇంటావిడ అనుపమ కూర్చుంది. చలవరాయి మీద నడిచి నడిచి అరికాళ్లు నొప్పులని, ఉన్న రాయి తీయించి ఇల్లంతా చెక్క వేయిస్తోంది. కిందిగది పోయిన నెలలో అయింది. అందులో మంచం పక్కన ఒకచోట డొల్ల మిగిలిపోయింది. ఆ రోజు సక్కుబాయి జ్వరంతో మధ్యాహ్నమే ఇంటికి పోయింది. మిగతా సగం కుర్మయ్య ఒక్కడే తట్టాడు.

పొద్దున గేటు దగ్గరే నరేందర్ ఆపి చెప్పాడు. కుర్మయ్యకు దగ్గరగా వచ్చి, ముఖంలో ముఖం పెట్టి, ఒక్కో మాటా విడదీసి చెప్పాడు. "అన్నా, ఇయ్యాల ఒక్క డొల్ల మిగిలినా మేడమ్ ఊకోదు. గట్లయితె వచ్చే పనికి నేను వేరే మనిషిని చూసుకోవాలె. ఏమనుకోకు."

కుర్మయ్య తల ఊపాడు.

ఎనిమిదో వరుసలో ఉండగా విమానం వచ్చింది. ఆ ఇళ్ల మీదుగానే అవి దిగుతాయి. ఇక్కడివాళ్లకు అది అలవాటు. మాట్లాడే మాట నడుమ ఆగిపోతుంది, విమానం దాటాక ఆగిన చోటి నుంచే మొదలవుతుంది. అనుపమ ఫోనులో మాట ఆపింది. బాల్కనీ గుమ్మంలో అంచుపట్టీ కొలుస్తున్న నరేందర్ తలెత్తి ఆగాడు. కిటికీ అద్దాలు సన్నగా వణికాయి. సక్కుబాయి కొంగు తీసి ముఖం తుడుచుకుంది. ఆగమని సైగ అది. కుర్మయ్య ఆగలేదు. కట్టె లేస్తూ పడుతూనే ఉంది. ఆ మోతలో కట్టె కదలడమే తప్ప శబ్దం ఎవరికీ వినపడలేదు. ఆమె మళ్లీ తుడుచుకుంది. ఇంకా గట్టిగా తుడుచుకుంది. ఆయన మూడు చెక్కలు దాటిపోయాడు.

విమానం పోయింది.

"అంత మోతలో మీకేం వినిపించిందండీ?" అంది అనుపమ. "నాకైతే నా మాటే నాకు వినపడలేదు."

కుర్మయ్య ఆమె పెదవులను చూసి, నవ్వీనవ్వనట్టు నవ్వాడు. సగమే అర్థమైనప్పుడు ఆయన అలా నవ్వుతాడు.

"ఆయనకు చెవితోని పనిలేదమ్మా," అంది సక్కుబాయి చప్పున. "చేతిలనే తెలుస్తది. కట్టె చేతికి చెప్తది."

"చేతికా?"

"ఔనమ్మా. ముప్పయేండ్ల చెయ్యి అది."

నరేందర్ కొలత టేపును చూస్తూ ఉండిపోయాడు. అనుపమ లేచి వచ్చి, ఆయన దాటిపోయిన మూడు చెక్కల మీద మడమతో కొట్టి చూసింది. గట్టిగానే పలికాయి. "మంచిదండీ," అని పోయి కూర్చుంది. సక్కుబాయి ఊపిరి వదిలి, అరిగిపోయిన కాగితంతోనే కాసేపు రుద్దింది.

మధ్యాహ్నం ఇంటి వెనక, నీళ్ల ట్యాంకు నీడలో సద్ది విప్పారు. జొన్నరొట్టె, టమాట తొక్కు. కుర్మయ్య సగం రొట్టె తిని పక్కన పెట్టాడు. ఎడమ భుజాన్ని కుడిచేత్తో పిసుక్కుంటున్నాడు.

"ఏమైంది?" అని కళ్లతోనే అడిగింది.

"గ్యాసు. రొమ్ముల మంట."

ఆమె సంచిలోంచి సోడా పొడి తీసి నీళ్లలో కలిపి ఇచ్చింది. తాగి తేన్చాడు. అప్పుడు ఆమె ఆయన గడ్డం పట్టి తనవైపు తిప్పుకొని, శబ్దం రాకుండా పెదవులతోనే తిట్టింది. "విమానమొస్తె కొంగుతోని మొఖం తుడుస్త. తుడిస్తె ఆగాలె. ఎన్నిసార్లు చెప్పాలె నీకు?"

"నువ్వు పొద్దుగాల సంది తుడుస్తనే ఉంటివి. ఏది చెమటకు, ఏది విమానానికి, నాకేమెరుక?"

ఆమెకు కోపం రావలసింది, నవ్వు వచ్చింది.

"నీ మొగుడు చెవిటోడైండని బాధపడుతున్నవా?" అన్నాడాయన. "నాకైతె జర నిమ్మళంగనే ఉన్నది. ముప్పయేండ్లు నీ లొల్లి విన్న."

"చెవులు పాయె, మోకాళ్లు పాయె. ఇగ నాలుకొక్కటి మిగిలింది నీకు."

ఆయన గోడకు వీపు ఆనించి కాళ్లు చాపుకున్నాడు. మోకాలి చిప్పల మీద చర్మం ఏనుగు చర్మంలా మందంగా, బూడిదరంగులో ఉంది. "విమానం మోకాళ్లకు తెలుస్తదే," అన్నాడు వాటిని నిమురుకుంటూ. "చెక్క వణుకుతది. కానీ అది నెత్తి మీదికి వచ్చినంక తెలుస్తది. ఆలస్యమైతది."

"అయితె మొఖమే చూడు."

"నీ మొఖమే చూస్తున్న గదా, పొద్దంతా."

ఆమె మిగిలిన రొట్టెను గుడ్డలో చుట్టింది. సాయంత్రం తింటాడులే అనుకుంది.

మధ్యాహ్నం తర్వాత అనుపమ బడి బస్సు దగ్గరికి పిల్లను తీసుకురావడానికి కిందికి పోయింది. గదిలో సగానికి పైగా అయింది. ఇంకో తొమ్మిది వరుసలున్నాయి. నరేందర్ బాల్కనీ పక్క మూలను వేళ్లతో తడిమి చూసి పిలిచాడు. "వదినా, గీ మూలకు ఇంక గరుకున్నది. మేడమ్ చెయ్యి పెట్టి చూస్తది. మళ్లొకసారి రుద్దవా?"

ఆ మూలకు పోతే కుర్మయ్యకు వీపు చూపించి కూర్చోవాలి. సక్కుబాయి లేవకుండా ఒక క్షణం ఆలోచించింది. వద్దనడానికి కారణమేమీ దొరకలేదు. కుర్మయ్య వైపు చూసి, అరచేతిని నేలకేసి మెల్లగా దించింది. నెమ్మదిగా కానివ్వు అని. ఆయన రెప్పలార్పాడు. సరే, పో అని.

ఆమె మూలకు పోయి కూర్చుంది. చేతులు రుద్దుతున్నా, ప్రాణమంతా వీపులోకి వచ్చి కూర్చున్నట్టుంది. వరుస మొదటి దెబ్బ నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఎక్కడైనా డొల్ల పలికితే ఎన్నో దెబ్బో గుర్తుపెట్టుకొని తర్వాత చూపించవచ్చు. ఒకటి, గట్టిది. రెండు, గట్టిది. ఏడు, ఎనిమిది. ఆయన నిజంగానే నెమ్మదిగా కొడుతున్నాడు. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఒక ఊపిరి పీల్చుకునేంత ఎడం. పదకొండు. పన్నెండు.

దూరంగా విమానం మొదలైంది.

ఆమె చెయ్యి కొంగు మీదికి పోయి ఆగింది. ఎవరికి చూపించాలని? పక్కనే నరేందర్ నిలబడి ఉన్నాడు. పొద్దున ఒకసారి అయిందంటే పోనీలే అనుకుంటారు. రెండోసారి కూడా ఆ మోతలో కట్టె ఆడుతుంటే ఎంత మతిలేనివాడికైనా తెలిసిపోతుంది. మోత దగ్గరైంది. అద్దాలు వణికాయి. పదమూడో దెబ్బ పడిందో లేదో తెలియలేదు. ఆమె తల కొంచెం తిప్పి, కంటికొసతో చూసింది.

కట్టె ఆడటం లేదు.

ఆమె గుండె మీంచి బండ దిగినట్టయింది. ఆగాడు. తనంతట తనే ఆగాడు. మోకాళ్లకు తెలుస్తుందన్నాడు కదా. వంగి, చెంప చెక్కకు ఆనించి ఉన్నాడు. చెక్కలు ఎగుడుదిగుడు లేకుండా పడ్డాయో లేదో చూడటానికి నాలుగైదు వరుసలకొకసారి ఆయన అలా చెంప ఆనించి, ఒక కన్ను మూసి, దూరం దాకా చూస్తాడు. ఆమె నిశ్చింతగా గోడ వైపు తిరిగి మళ్లీ రుద్దసాగింది. పొద్దుటి నుంచి మొదటిసారిగా ఆమె చేతులు హాయిగా కదిలాయి. మూల నున్నబడుతోంది. వేళ్లకు తెలుస్తోంది.

విమానం దాటిపోయింది. కట్టె చప్పుడు మళ్లీ మొదలవలేదు. ఇంకో విమానం వచ్చింది. అదీ పోయింది.

"కుర్మన్నా," అన్నాడు నరేందర్. తర్వాత గట్టిగా, "కుర్మన్నా! పండుకున్నవా ఏంది?"

సక్కుబాయి ఉలిక్కిపడింది. పిలుపు వినపడలేదని తెలిసిపోతుందనే మొదట భయపడింది. "పొద్దటి సంది గ్యాసున్నది ఆయనకు," అంటూ చప్పున లేచింది. "జర కండ్లు తిరిగినట్టున్నయ్. నేను లేపుత." కొంగు నడుముకు చెక్కుకుంటూ పోయి ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

ఆయన చెంప కింద, ముక్కు ముందర, సన్నటి చెక్కపొడి పేరుకొని ఉంది. పిండిలా తేలికైన పొడి. ఎవరైనా పక్కన నడిస్తేనే లేచేంత తేలిక. అది కదలడం లేదు.

ఆమె పక్కన కూర్చుంది. ఆయన కనురెప్పల మీది పొడిని బొటనవేలితో తుడిచింది. నరేందర్ మోకాళ్ల మీద వాలి ఆయన మణికట్టు పట్టుకొని, తర్వాత మెడ దగ్గర వేళ్లు పెట్టి, చాలాసేపు అలాగే ఉన్నాడు.

"వదినా..." అన్నాడు చివరికి. కింద గేటు తెరుచుకున్న చప్పుడు, పిల్ల నవ్వు వినిపించాయి. నరేందర్ మెట్ల వైపు చూసి, ఆమె వైపు చూసి, తల దించుకున్నాడు. "నోరు రాకున్న అడుగుతున్న. ఎల్లుండి వీళ్లింట్ల వ్రతమున్నది. ఇంట్ల పానం పోయిందంటె ఇల్లు విడిచిపెట్టి పోవాలంటరు. చిన్నపిల్ల ఉన్నది. కండ్లు తిరిగి పడ్డడని చెప్పి దవాఖానకు తీస్కపోదాం. అక్కడ పోయిండని..." మాట పూర్తిచెయ్యలేదు.

సక్కుబాయి కుర్మయ్య చెవి వెనక చూసింది. సుద్దముక్క అక్కడ లేదు. ఏడాదిన్నరగా ఆ మనిషి గురించి ఎన్ని అబద్ధాలు చెప్పిందో లెక్కలేదు. ఇంకొక్కటి.

"చెప్పు," అంది.

ఇద్దరూ ఎత్తి దించారు. మెట్ల కింద అనుపమ కంగారుగా ఎదురొచ్చింది. "అయ్యో, ఏమైందండీ? నా కారులో తీసుకెళ్లండి, నేనే నడుపుతాను," అంది. వెనక సీట్లో ఆయన తల సక్కుబాయి ఒడిలో ఉంది. దారిపొడవునా అనుపమ అద్దంలో చూస్తూ, "ఏం కాదమ్మా, ఏం కాదు," అంటూనే ఉంది. సక్కుబాయి తల ఊపుతూనే ఉంది. ఆ ఇంటావిడ మంచిదే. ఆ మంచితనం ముందు కూర్చొని, చల్లబడుతున్న నుదుటిని జ్వరం చూస్తున్నట్టు తాకుతూ ఉండటం, పదకొండేళ్లలో ఏ మూల రుద్దినప్పుడూ లేనంత కష్టంగా ఉంది.

దవాఖానలో డాక్టరు రెండు నిమిషాలు చూసి తల అడ్డంగా ఊపాడు. అనుపమ ఏడ్చింది. ఆమెను ఇంటికి పంపించి, నరేందర్ వచ్చి బల్ల మీద సక్కుబాయి పక్కన కూర్చున్నాడు. అత్తాపూర్‌లో ఉండే వాళ్ల బిడ్డ మంజులకు ఫోను చేశాడు. బండి మాట్లాడాడు. తర్వాత చేతులు రెండు మోకాళ్ల నడుమ పెట్టుకొని నేలకేసి చూస్తూ అన్నాడు.

"నాకెరుకే వదినా."

"ఏంది?"

"అన్నకు వినపడదని. పోయినేడు బోనాలప్పటి సంది ఎరుక. విమానం పోతుంటె కొడుతుండె గదా."

ఆమె ముఖం తిప్పి నరేందర్‌ను చూసింది. "మరెందుకు ఊకున్నవ్?"

"చెవి ఎవ్వరిదైతేంది? డొల్ల దొరుకుతనే ఉండె." అరచేతికి అంటిన చెక్కపొడిని తుడుచుకున్నాడు. "పొద్దున గట్ల అనకపోయి ఉంటె బాగుండు. వేరే మనిషిని చూసుకుంట అని."

పక్కన ఎవరిదో ఫోను మోగి మోగి ఆగింది.

"పదకొండొద్దులైనంక, నీకు చాతనైతె... మిగిలిన వరుసలు నువ్వే తట్టాలె వదినా. నేనెవ్వరినీ పిలువ."

పొద్దు వాలేవేళ బండి కందుకూరు దారి పట్టింది. ఆ ఇళ్ల గేటు మీదుగానే పోవాలి. సక్కుబాయి కాళ్లకు చెప్పులు లేవు. పైగది గుమ్మం బయటే విడిచి వచ్చింది. ఆయనవీ అక్కడే ఉన్నాయి. బండి ఆపించి నరేందర్ తెస్తానన్నాడు కానీ, ఆమె తనే దిగింది.

గదిలోకి పడమటి ఎండ ఏటవాలుగా పడి కొత్త టేకు ఎర్రగా వెలుగుతోంది. గోనెసంచి అక్కడే ఉంది. దాని ముందు చెక్క మీద సుద్దతో గీసిన గీత. సున్నా కాదు. సగం సున్నా. ఆమె దాన్ని చూస్తూ నిలబడింది. అది గీసినప్పుడు ఎవరి చేతులూ ఆగలేదు. ఆమె చేతులు అప్పుడు మూలలో, గోడ వైపు తిరిగి, రుద్దుతూనే ఉన్నాయి.

మోకాళ్ల మీద కూర్చొని, పక్కన పడి ఉన్న కట్టెను తీసి ఆ గీత మధ్య కొట్టింది. శబ్దం లోపలికి పోయింది. జానెడు ఇవతల కొట్టింది. గట్టిది. మళ్లీ గీత మధ్య కొట్టింది. డొల్లే. కట్టె పక్కన పెట్టి అరచెయ్యి ఆనించి చూసింది. తర్వాత కట్టెను చేతిలో బిగించి పట్టుకొని, కళ్లు మూసుకొని, మెల్లగా కొట్టి చూసింది. ఆమె చేతికి ఏమీ తెలియలేదు. చెవికే తెలిసింది.

గోనె మడతలో సుద్దముక్క దొరికింది. దాంతో మిగతా సగం చుట్టి సున్నా పూర్తిచేసింది. చివరి వరుస చెక్క మీద ఇంకా కట్టె దెబ్బ పడలేదు. ఆయన తాకి కళ్లకద్దుకోవలసిన చెక్క అది. ఆమె దాని దాకా పోలేదు.

"వదినా, బండి ఆగి ఉన్నది," అని నరేందర్ కింది నుంచి పిలిచాడు.

రెండు జతల చెప్పులు చేతిలో పట్టుకొని మెట్లు దిగింది. కట్టెను ఉన్నచోటనే, సున్నా పక్కన, తట్టని వరుసల వైపు కొస పెట్టి వదిలింది. ఒకప్పటి ఆ మేడి మీద, ఆయన బొటనవేలు ఆనే చోట చెక్క అరిగి లోపలికి దిగింది. ఆ చిన్న గుంటలో కాస్త సుద్దపొడి, దాని మీద కాస్త ఎండ.